ఇంటర్న్‌షిప్ అయ్యాక డిటెక్టివ్ అవ్వాలన్న ఆలోచన మారిపోయింది, తొందరపడుతున్నానా?

మూడో సంవత్సరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. క్రిమినాలజీ మూడో సంవత్సరం చదువుతున్నాను. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ డిటెక్టివ్ అవుతాననే చెబుతూ వచ్చాను, ఈ కోర్సు తీసుకున్నదీ అందుకే, మా అమ్మాయి పోలీసాఫీసరు అవుతుందని ఇంట్లోవాళ్లు ఇప్పటికే నలుగురికీ చెప్పేసుకున్నారు. పోయిన సెమిస్టర్లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. పోలీసు విభాగంలో ఖాళీ లేదని ప్రాసిక్యూటర్ ఆఫీసులో వేశారు. సరే, ఎలాగూ కేసు ఫైళ్లు చేతికొస్తాయి, దర్యాప్తు ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూడొచ్చు అనుకుని చేరాను.

అక్కడ నేనేం చేశానో చెబుతాను, ఎందుకంటే నా సందేహమంతా అక్కడే పుట్టింది. పోలీసుల బాడీ కెమెరా వీడియోలు చూసి ఏ నిమిషంలో ఎవరు ఏమన్నారో రాసిపెట్టేదాన్ని. ఫైల్లో ఉండాల్సిన కాగితాలన్నీ ఉన్నాయో లేవో సరిచూసేదాన్ని. సాక్షులకు ఫోన్ చేసి వాయిదా తేదీ గుర్తుచేసేదాన్ని, చాలామంది ఫోన్ ఎత్తరు, ఎత్తినవాళ్లు మళ్లీ రావాలా అని విసుక్కుంటారు. కేసులు దర్యాప్తు చేసిన డిటెక్టివ్‌లు వచ్చేవారు, వాళ్లతో మాట్లాడాను కూడా. వాళ్ల మీద గౌరవం పెరిగింది, కానీ ఆ కుర్చీలో నన్ను నేను ఊహించుకోబోతే మనసు కదల్లేదు.

నన్ను పట్టేసింది సాక్షులు కూర్చునే గది. తన మీద దాడి జరిగిన కేసులో సాక్ష్యం చెప్పడానికి ఒకావిడ పనికి సెలవు పెట్టుకుని వచ్చింది. సమన్ల కాగితం నాలుగు మడతలు పెట్టడం, విప్పడం, మళ్లీ మడవడం, అదే పని. నన్ను కేసు గురించి ఏమీ అడగలేదు. అతను కూడా ఇదే వరండాలోంచి వస్తాడా, నేను బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎటు వెళ్లాలి అని అడిగింది. నాకు తెలియక బాధితుల సహాయకురాలి దగ్గరికి పరిగెత్తాను. ఆమె లేచి వచ్చి, రెండో వైపున్న గది తెరిపించి, కోర్టు హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఆవిడను లోపలికి తీసుకెళ్లి జడ్జి ఎక్కడ, ముద్దాయి ఎక్కడ, నువ్వు ఎక్కడ నిలబడతావు అన్నీ చూపించింది. ఆ రోజు కేసు వాయిదా పడింది. తర్వాతి తేదీకి ఆవిడ మళ్లీ వచ్చింది, వచ్చి సాక్ష్యం చెప్పింది. అప్పటి నుంచి నాకు ఆ పని తప్ప ఇంకోటి ఆలోచనలోకి రావడం లేదు.

ఇప్పుడు నా సందేహాలు. ఒక్క ఇంటర్న్‌షిప్ చూసి ఇన్నేళ్ల కోరిక వదిలేయడం సబబేనా? ఆ సహాయకురాలు చాలా మంచి మనిషి, నాకు నచ్చింది ఆమేనా, ఆ పనా, అది కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఇంకోటి, ప్రాసిక్యూటర్ ఆఫీసులో చేశానని రేపు డిఫెన్స్ వైపు, అంటే ముద్దాయి తరఫున పనిచేసే వైపు గానీ ఇంకెక్కడైనా గానీ దారి మూసుకుపోతుందా? ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎవరైనా సరే, మీ ఇంటర్న్‌షిప్ మిమ్మల్ని ఎటు తీసుకెళ్లిందో చెప్పండి.

కోర్టు వరండా:

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, అది తేలిక. దారి మూసుకుపోదు. నేను ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇంటర్న్‌గా చేసి ఇప్పుడు డిఫెన్స్ లాయర్‌ని, నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. పట్టింపు ఉన్నది ఒక్క విషయంలోనే, అక్కడ మీరు చేయి పెట్టిన కేసుల్లో రేపు ఎదుటి పక్షాన పనిచేయకూడదు. కాబట్టి ఏయే కేసుల మీద పనిచేశారో మీ సూపర్‌వైజర్‌ని అడిగి నంబర్ల జాబితా ఒకటి పెట్టుకోండి, ఫైల్లోని విషయాలు మాత్రం బయటికి తేవద్దు. రేపు ఎక్కడ చేరినా ముందు అడిగేది అదే.

ఇక నేను ఎందుకు మారానో చెబుతాను. ఇంటర్న్‌షిప్‌కి ముందు నా బుర్రలో కోర్టంటే వాదనలు, క్రాస్ ఎగ్జామినేషన్, తీర్పు. వెళ్లి చూస్తే చాలా కేసులు విచారణ దాకా రానేరావు. ఇది ఒక్క ఆఫీసు సంగతి కాదు, అమెరికాలో శిక్ష పడే కేసుల్లో నూటికి 90కి పైగా నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి, అక్కడి సుప్రీంకోర్టే 2012లో ఈ వ్యవస్థ ఎక్కువగా విచారణల మీద కాదు, ఇలా నేరం ఒప్పుకోవడం మీదే నడుస్తోందని రాసింది. నేను చూసిన చోటా అంతే. ముద్దాయి తన లాయరుతో గోడ పక్కన నిలబడి మాట్లాడే ఆ కాసేపట్లోనే అతని జీవితం తేలిపోయేది. ఆ కాసేపు అతని పక్కన నిలబడే మనిషి ఫైలు చదువుకుని వచ్చాడా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ మనిషి నేను కావాలనుకున్నాను, అంతే. 1963లో గిడియన్ అనే ఖైదీ జైల్లోంచి పెన్సిల్‌తో రాసిన పిటిషన్ మీదే కదా, లాయరును పెట్టుకోలేని ముద్దాయికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, మళ్లీ విచారణ జరిగితే లాయరు సాయంతో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. క్లాసులో ఈ కేసు పరీక్ష కోసం చదివాను. వరండాలో నిలబడి చూశాకే అది నాకు పట్టింది.

మీరు నిమిషాల వారీగా వీడియో పట్టీ రాశానని ఏదో గుమస్తా పనిలాగా చెప్పారు. అది చిన్న పని కాదండీ. ముద్దాయికి అనుకూలంగా ఉన్న ఆధారం ఏదైనా ప్రాసిక్యూషన్ చేతిలో ఉంటే ఎదుటి పక్షానికి ఇచ్చి తీరాలని అదే సుప్రీంకోర్టు బ్రేడీ అనే కేసులో చెప్పింది, అదీ 1963దే. అలాంటి ఒక్క మాట గంటల కొద్దీ వీడియోలో ఎక్కడో ఉంటుంది, ఓపిగ్గా కూర్చుని చూసినవాళ్లకే దొరుకుతుంది. ఆ పని మీకు విసుగు పుట్టించిందా, లేక టైమ్ తెలియకుండా చేశారా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోండి, మీ దారి గురించి సాక్షుల గది ఎంత చెబుతుందో ఇది కూడా అంత చెబుతుంది.

నైట్ డ్యూటీ:

చెల్లెమ్మా, నేను డిటెక్టివ్‌ని. అంతకుముందు చాలా ఏళ్లు పెట్రోలింగ్ చేశాను. నువ్వు పోలీసు పనిని పోలీసుల దగ్గర చూడలేదు, కోర్టు దగ్గర చూశావు. కోర్టుకు వచ్చే డిటెక్టివ్ ఎలా ఉంటాడో నాకు తెలుసు, నైట్ డ్యూటీ దిగి వచ్చి, ఎప్పుడు పిలుస్తారో తెలియక బెంచీ మీద కూర్చుని, ఎప్పుడో రాసిన రిపోర్టు మళ్లీ చదువుకుంటూ ఉంటాడు. అది మా పనిలో భాగమే, కాదనను, కానీ అదే మొత్తం కాదు.

ఒక మాట మాత్రం ముందే తెలుసుకో. చాలా దేశాల్లో నేరుగా డిటెక్టివ్ అవ్వడం కుదరదు, ముందు యూనిఫాం వేసుకుని వీధుల్లో తిరగాలి. ఇప్పుడు ఇంగ్లండ్ లాంటి కొన్నిచోట్ల నేరుగా తీసుకునే పద్ధతి కూడా వచ్చింది కానీ ఎక్కువ చోట్ల పాత దారే. పెట్రోలింగ్‌లో వచ్చే ఫోన్లలో పెద్ద నేరాలు తక్కువ. ఇంట్లో గొడవలు, తప్పిపోయిన ముసలివాళ్లు, మతి చెదిరి రోడ్డు మీదికి వచ్చినవాళ్లు, యాక్సిడెంట్లు, పొరుగువాడి కేకలు. తిరిగొచ్చి వాటన్నిటికీ రిపోర్టు రాయాలి. రాత అంటే పడనివాళ్లు ఈ ఉద్యోగంలో చాలా అవస్థ పడతారు. కొత్తగా చేరేవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

నువ్వు చెప్పిన ఆవిడ సంగతి చదివాక నాకొకటి తట్టింది. ఆవిడను మొట్టమొదట కలిసింది నీ సహాయకురాలు కాదు, దాడి జరిగిన రోజు వెళ్లిన పోలీసు. ఆ మొదటి అరగంటలో అతను ఆవిడతో ఎలా మాట్లాడాడన్నది కోర్టు దాకా ఆవిడ వెంటే వస్తుంది. నిలబెట్టి ప్రశ్నలు వేశాడా, కూర్చోబెట్టి నీళ్లిచ్చి అడిగాడా, నువ్వక్కడికెందుకు వెళ్లావన్నాడా, తర్వాత ఏమైందన్నాడా. బాధితులతో మాట్లాడటం నీకు నచ్చితే ఆ గుణం మాకు కూడా కావాలి. అందుకని నిన్ను ఇటు లాగడం లేదు. ఎక్కడైనా రైడ్ అలాంగ్ దొరికితే ఒకసారి పెట్రోల్ బండిలో కూర్చుని తిరుగు, చాలా విభాగాలు విద్యార్థులకు ఆ అవకాశం ఇస్తాయి. తిరిగాక కూడా మనసు రాకపోతే హాయిగా వదిలెయ్యి, ఇంట్లోవాళ్లకు కూడా ధైర్యంగా చెప్పగలుగుతావు, చూసే వద్దనుకున్నానని.

పిపెట్:

ఇది అడిగినవారి కోసం కాదు, ఇది చదివి నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళ్తాను అనుకునేవాళ్ల కోసం. నాతో ప్రతి ఏడాదీ ఒకరిద్దరు విద్యార్థులు మాట్లాడతారు, క్రిమినాలజీ డిగ్రీ చివరికొచ్చాక. ల్యాబ్ ఉద్యోగాలకు ఎక్కువ చోట్ల అడిగేది కెమిస్ట్రీ, బయాలజీ లాంటి సైన్సు డిగ్రీ. ఆ సంగతి చివరి సంవత్సరంలో తెలిస్తే ఎంత బాధో నేను చూశాను. ఇంటర్న్‌షిప్ రెండో సంవత్సరంలోనే చేస్తే కోర్సు మార్చుకునే వ్యవధి ఉంటుంది, దయచేసి చివరిదాకా ఆగకండి.

ల్యాబ్‌లో ఇంటర్న్‌గా మీరు ఘటనా స్థలానికి వెళ్లరు. సీలు చెక్కుచెదరకుండా ఉందా, కవరు మీద నంబరూ ఫారం మీద నంబరూ ఒకటేనా, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ తేదీన ఏ టైముకి వచ్చింది, సంతకం ఉందా, ఇదీ మొదలు. పరీక్ష చేసేటప్పుడు పక్కన ఏమీ లేని ఖాళీ శాంపిల్ కూడా నడుపుతాం, అందులో డీఎన్‌ఏ కనిపించిందంటే ఎక్కడో కలుషితమైందని అర్థం, మొత్తం ఆపి వెతకాల్సిందే. ఈ పట్టుదల కొందరికి ప్రాణం, కొందరికి ఊపిరాడదు. నాకు ప్రాణం.

డీఎన్‌ఏ ప్రొఫైలింగ్‌ని నేర పరిశోధనలో మొదటిసారి వాడింది ఇంగ్లండ్‌లో, 1986లో, ఇద్దరు అమ్మాయిల హత్య కేసుల్లో. ఒక 17 ఏళ్ల కుర్రాడు అందులో ఒక హత్య తానే చేశానని ఒప్పుకుని ఉన్నాడు. పరీక్ష చేస్తే అతను కాదని తేలింది, అసలు హంతకుడికి 1988లో శిక్ష పడింది. అంటే మా పని మొదట చేసింది ఒకణ్ణి విడిపించడం. అలాగని ల్యాబ్ నుంచి వచ్చే ప్రతి మాటా అంత గట్టిదని కాదు. 2009లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక డీఎన్‌ఏని మినహాయించి మిగతా పద్ధతుల్లో ఏదీ ఒక ఆధారాన్ని ఫలానా వ్యక్తికే ముడిపెట్టగలదని గట్టిగా రుజువు కాలేదని తేల్చి చెప్పింది. ఇంటర్న్‌షిప్‌కి ల్యాబ్‌ని ఎంచుకునేటప్పుడు మీ పద్ధతుల్లో పొరపాట్లు ఎలా పట్టుకుంటారని అడగండి. ఆ ప్రశ్నకు ముఖం చిట్లించే చోట నేర్చుకునేది తక్కువ.

రిటైరైన ప్రొబేషన్:

నేను ప్రొబేషన్‌లో, అంటే నేరం చేసినవాళ్లను జైలుకు పంపకుండా బయటే పర్యవేక్షణలో ఉంచే విభాగంలో పనిచేశాను. ఇంటర్న్‌లను చాలా ఏళ్లు నా కింద పెట్టుకుని పని నేర్పాను, కాబట్టి అటు వైపు నుంచి మాట్లాడతాను. అమ్మా, నీకు నచ్చింది ఆ మనిషా ఆ పనా అని అడిగావు చూడు, ఈ ప్రశ్న అడిగిన ఇంటర్న్‌లు నాకు చాలా తక్కువ మంది తగిలారు. తేల్చుకోవడానికి ఒక మార్గం చెబుతాను. ఆమె సెలవులో ఉన్న రోజు నువ్వు ఆ గదిలోకి వెళ్లావా? వెళ్లి ఉంటే ఎలా అనిపించింది? ఆమె చిరాకుగా ఉన్న రోజు, సాక్షి రాని రోజు, వచ్చిన సాక్షి నీ మీదే అరిచిన రోజు, ఆ పని నీకెలా ఉంది? మంచి రోజు చూసి ఉద్యోగం ఎంచుకుంటే దూరపు కొండలు నునుపు అన్నట్టే ఉంటుంది. నా దగ్గర ఇంటర్న్‌గా ఉన్న ఒక అబ్బాయి చాలా చురుకైనవాడు, ఇంటర్వ్యూ చేస్తే ఎదుటివాళ్లు అన్నీ చెప్పేసేవారు. కానీ శిక్ష ఖరారుకు ముందు కోర్టుకిచ్చే నివేదిక రాయమంటే కూర్చోలేకపోయేవాడు. మా పనిలో ఇంటర్వ్యూ ఒక గంట అయితే, అతను చెప్పిన ఉద్యోగం నిజమేనా, చదువు నిజమేనా, ఇంట్లో ఎవరెవరున్నారు అని ఫోన్లు చేసి సరిచూసి, జడ్జి రెండు నిమిషాల్లో చదువుకునేలా రాయడానికి రోజులు పడుతుంది. ఆ అబ్బాయి ఇప్పుడు జైలు నుంచి విడుదలైనవాళ్లకు పని వెతికిపెట్టే చోట ఉన్నాడు, ఎంతో బాగా చేస్తున్నాడు. మా దగ్గర ఉండనందుకు నాకు ఏమాత్రం చింత లేదు. ఇది నా పని కాదని తెలుసుకుని వెళ్లడం కూడా ఇంటర్న్‌షిప్ ఇచ్చిన ఫలితమే, కాలేజీ వాళ్లు దానికి మార్కులు తక్కువ వేస్తారేమో గానీ నేనెప్పుడూ వేయలేదు.

ఇంకో సంగతి. ఇతరుల దెబ్బలు రోజూ వింటూ ఉంటే అది వినేవాళ్లకు కూడా అంటుకుంటుంది. సైకాలజిస్టులు 1990 ప్రాంతం నుంచీ దీని మీద రాస్తూనే ఉన్నారు. అది ఏడుపు రూపంలోనే రానక్కర్లేదు. నిద్ర పట్టదు, సినిమా చూస్తుంటే ఎవరైనా తలుపు గట్టిగా వేసినా ఉలిక్కిపడతాం, ఇంట్లోవాళ్ల మీద కారణం లేకుండా కోపం వస్తుంది, లేదంటే అసలు ఏమీ అనిపించడం మానేస్తుంది, ఈ చివరిదే నన్ను అన్నిటికంటే భయపెట్టేది. నీ ఇంటర్న్‌షిప్‌లో ఇవేమైనా కనిపించాయా చూసుకో. కనిపిస్తే ఈ పనికి పనికిరావని కాదు, ఎవరితో చెప్పుకోవాలో ముందే ఏర్పాటు చేసుకోవాలని. సూపర్‌వైజర్ వారానికోసారి కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడిగే చోటు చూసుకో.

ప్రొబేషన్‌కి పునాది వేసింది ఒక చెప్పులు కుట్టే వ్యాపారి, బోస్టన్‌లో జాన్ అగస్టస్. 1841లో కోర్టులో ఒక తాగుబోతు నిలబడి ఉంటే తాను పూచీ ఉంటానని బెయిలు మీద ఇంటికి తీసుకెళ్లాడు, చివరికి దాదాపు 2,000 మందికి అలా పూచీ నిలబడ్డాడు. ఆయన ముందుగా ఏ కోర్సూ చదివి కోర్టుకు రాలేదు, అక్కడ కూర్చుని చూశాడు. అందుకే విద్యార్థులకు నేను ఎప్పుడూ చెప్పేదాన్ని, పని లేని పూట కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోండి అని.

మూడో సంవత్సరం:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అమ్మా, మీ ప్రశ్న గట్టిగా తగిలింది. ఆమె సెలవులో ఉన్న రోజు నేను వెళ్లాను. ఒక పెద్దాయన, దొంగతనం కేసు, మూడోసారి వాయిదా పడిందని నా మీద చాలాసేపు అరిచాడు. భయం వేసింది కానీ అక్కడి నుంచి లేచి వెళ్లాలనిపించలేదు, ఆయన అరవడం అయ్యాక తర్వాతి తేదీ పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. కోర్టు వరండా గారూ, వీడియోలు చూడటం కూడా నచ్చింది, టైమ్ తెలిసేది కాదు, అందుకే ఇంకా అయోమయం. నైట్ డ్యూటీ అన్నా, రైడ్ అలాంగ్‌కి తప్పకుండా అప్లై చేస్తాను.

ఈ బాధితుల సహాయం పనిలో నేరుగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పక్క కుర్చీ:

ఉన్నాను. మీరు చూసిన ఆ పనే నాది, ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో చేస్తున్నాను, అంతకుముందు ప్రాసిక్యూటర్ ఆఫీసులో చేశాను. ఈ రెండింటికీ మధ్య తేడా మీరు ఇప్పుడే తెలుసుకోవాలి, ఎందుకంటే పైకి ఒకే పనిలా కనిపిస్తాయి.

ప్రాసిక్యూటర్ ఆఫీసులో జీతం తీసుకునే సహాయకురాలు ఆ ఆఫీసు మనిషి. బాధితురాలు ఆమెతో నమ్మి చెప్పిన మాటల్లో ముద్దాయికి ఉపయోగపడేది ఉంటే ప్రాసిక్యూటర్‌కి చెప్పాల్సి వస్తుంది, పైన చెప్పిన బ్రేడీ బాధ్యత అక్కడిదాకా వస్తుంది. ఉదాహరణకి ఆవిడ మాటల మధ్యలో, ఆ రోజు చీకటిగా ఉంది, ముఖం సరిగ్గా చూడలేదు అందనుకోండి, అది మన దగ్గర ఆగదు. అందుకే అక్కడ కూర్చోగానే ముందు ఈ మాట బాధితులకు స్పష్టంగా చెప్పేయాలి. బయటి సంస్థల్లో చాలాచోట్ల గోప్యతకు చట్టం రక్షణ ఉంటుంది, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కానీ బయట ఉంటే ఫైలు మన చేతికి రాదు, గది తెరిపించమంటే వెంటనే తెరవరు, ప్రతిదానికీ బతిమాలుకోవాలి. నాకు గోప్యతే ముఖ్యమనిపించి బయటికి వచ్చాను. నాతో పనిచేసినామె లోపల ఉంటేనే పనులవుతాయని ఉండిపోయింది. ఇద్దరం మంచి స్నేహితులమే, ఈ విషయంలో మాత్రం ఇప్పటికీ వాదించుకుంటాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జీతాలు తక్కువ, సంస్థలు చాలావరకు గ్రాంట్ల మీద నడుస్తాయి, గ్రాంట్ అయిపోతే టెన్షన్. ఇది పాత రంగం కాదు, బ్రిటన్‌లో బాధితుల సహాయ పథకం బ్రిస్టల్‌లో మొదలైంది 1974లో, బాధితుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ప్రకటన వచ్చింది 1985లో. ఇంకా నిలదొక్కుకుంటున్న రంగమని అనుకుని రండి.

మీ అయోమయం నాకు అయోమయంలా అనిపించలేదు. మనుషులతో కూర్చోగలరు, వివరాలను వరుసలో పెట్టగలరు. బాధితుల పరిహారం దరఖాస్తులకు ఈ రెండూ కావాలి, ఆస్పత్రి బిల్లులు, సెలవు పెట్టిన రోజుల జీతం కాగితాలు, పోలీసు రిపోర్టు నంబరు అన్నీ జతచేసి గడువులోపు పంపాలి, ఒక్క కాగితం తగ్గినా వెనక్కొస్తుంది. చాలామంది మంచి మనసుతో ఈ పనిలోకి వచ్చి ఈ కాగితాల దగ్గరే ఆగిపోతారు. వచ్చే సెమిస్టర్లో కాలేజీ ఒప్పుకుంటే బయటి సంస్థలో ఇంకో ఇంటర్న్‌షిప్ చేయండి, హెల్ప్‌లైన్ ట్రైనింగ్ ఇచ్చే చోటు అయితే మరీ మంచిది. ఈలోపు మీ సూపర్‌వైజర్‌తోనూ ఆ సహాయకురాలితోనూ విడివిడిగా మాట్లాడి సిఫార్సు లేఖ అడగండి, ఇప్పుడే అడగండి, ఆర్నెల్లు పోతే మీ పెద్దాయన సంగతి లాంటివి వాళ్లు మర్చిపోతారు, లేఖలో ఉండాల్సింది అవే.

మూడో సంవత్సరం:

పరిహారం దరఖాస్తుల సంగతి నాకు అసలు తెలియదు అక్కా. రేపే ఇద్దరికీ మెయిల్ పెడతాను. ఇంట్లో ఎలా చెప్పాలన్నది మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను, రైడ్ అలాంగ్ అయ్యాక చెబుతాను.

నైట్ డ్యూటీ:

శుక్రవారమో శనివారమో రాత్రి షిఫ్ట్ అడుగు చెల్లెమ్మా. పగలు వెళ్తే ట్రాఫిక్ తప్ప ఏమీ కనపడదు. బూట్లు మంచివి వేసుకో.